నాసిర్ రైఫిల్ కొలత

కట్టకుండ్రి సిస్టరమ్మా, ఆ చెయ్యి కట్టకుండ్రి. మొన్న ఇంకో సిస్టరు గూడ గిదే పని జేసింది. నేనొచ్చి చూసేసరికి మణికట్టు కాడ కమిలిపోయి ఉన్నది. ఏం జేసిండని కడుతున్నరు? సూది పీకిండా? ఎవలనన్న కొట్టిండా? పక్కకు ఒరగలేని మనిషి!

ఫిట్సా? ఏమో. డాక్టరు అట్లంటె అట్లనే కావచ్చు, నాకేం తెలుసు. నాకైతె అట్ల కనబడుతలేదు. చూడుండ్రి, చెయ్యి కిందికి గుంజుతున్నడు. అడుగున జర ఆపుతున్నడు. మెల్లగ మీదికి ఇడుస్తున్నడు. మళ్ల కిందికి. ఫిట్సు గింత నిదానంగ వస్తదా?

నాకు తెలిసి ఆయన ప్రెస్సు గుంజుతున్నడు.

అయ్యో, ఇస్త్రీ ప్రెస్సు కాదమ్మా! తూటాలు చేసే ప్రెస్సు. అట్ల చూడకుండ్రి, దొంగపని ఏం కాదు. కూసోండ్రి జర. మీరు ఈ వార్డుకు కొత్త. మీ పేరు రూతు అని, మీది భీమవరం దిక్కని ఈ వార్డుల కేరళ సిస్టరే చెప్పింది. ఈడ తెలుగుల మాట్లాడే మనిషి దొరుక్క మస్తు దినాలైంది నాకు.

నా పేరు మొండయ్య. కోరుట్ల దగ్గర మాది. ఈ ముసలాయన నా కఫీల్, నన్ను పనికి తెచ్చుకున్న యజమాని, అబూ నాసిర్. బురైదా అవతల ఆయనకు మజ్రా ఉన్నది, ఖర్జూర తోట. ఆ తోటల నీళ్ల మోటర్లు నేను చూసుకుంట. మొండయ్య అని ఆయనకు నోరు తిరుగది. 'మందీ' అని పిలుస్తడు. మందీ అంటె మాంసం అన్నం! పిలిస్తె పలికిన, ఏం జేస్త మరి.

కొడుకులు లేరా అంటరా? ఇద్దరు. పెద్దోడు నాసిర్, ఇప్పుడు లేడు. చిన్నోడు మాజిద్, రియాద్ల దుకాణాలున్నయి. నిన్న వచ్చి పోయిండు, ఆ కండ్లద్దాలాయన. చెడ్డోడు గాదు. వాని పనులు వానికుంటయి.

నాసిర్ సౌదీ నేషనల్ గార్డుల ఉండె. సిపాయే గాని కొట్లాట మీద వానికి మనసు లేకుండె. ఉన్న పిచ్చి ఒక్కటే, గురి. శుక్రారం నమాజు అయినంక తండ్రీ కొడుకులు తోట ఎనుక ఇసుకలకు పోయి, దూరాన అట్టముక్క నిలబెట్టి కొట్టేటోళ్లు. పిట్టను గూడ కొట్టకపోతుండె వాడు. కాయితం మీద చుక్క. ఆ చుక్కల ఒక తూటా. అది చేసిన తొర్రలనే ఇంకోటి. గంతే వాని లోకం.

బజార్ల కొన్న తూటాలు వానికి నచ్చకపోతుండె. 'ఒకదాని తీరు ఇంకోటి ఉండది' అనేటోడు. కాల్చినంక ఇత్తడి గొట్టం మిగులుతది గదా, దాన్ని పారెయ్యనిచ్చేటోడు గాదు. అడుగున కొత్త టోపీ ఎక్కిచ్చి, మందు తూకమేసి పోసి, మూతికి గుండు కూసపెడితె మళ్ల కొత్త తూటా. మన చేతితోని చేసుకుంటె అన్నీ ఒక్క తీరుగ ఉంటయి. ఏండ్ల సంది కాల్చిన గొట్టాలన్నీ సంచులల్ల దాచి పెట్టుకున్నడు.

మరి దానికి సామాను కావాలె గదా. కువైట్ గొడవకు ముందటి ఏడు, అమెరికాల ట్రైనింగుకు పోయిన దోస్తు ఎవలో బొమ్మల పుస్తకం పంపిండు. మందులు, డైలు, తక్కెడలు, అన్నీ అండ్లనే. ఇగ తండ్రీ కొడుకులు చాప మీద ఆ పుస్తకం పరుచుకొని, గావా, ఆ అరబ్బు కాఫీ, తాగుకుంట, పెండ్లికి పిల్లను చూసినట్టే! ప్రెస్సు ఏది మంచిది? ఒక దిక్కు తెరిచి ఉన్నదైతె చెయ్యి పెట్ట సులువు, కాని గట్టిగ గుంజితె ఇనుము జర వంగుతదట. చుట్టు మూసి ఉన్నది బరువు, కాని వంగది. మూసి ఉన్నదే అన్నరు. గుండు కూసపెట్టే డై మీద గడియారం లెక్క గీతలు ఉండాల్నా, వద్దా? ఉండాలె అన్నరు. తక్కెడ కాడ ఒక పూట, మందు పోసే గరాటు కాడ ఒక పూట.

అసలు లొల్లి పెద్ద డై కాడ వచ్చింది.

డై అంటె సాంచ, అచ్చు అనుకోండ్రి. కాల్చినప్పుడు ఆ జోరుకు గొట్టం ఉబ్బుతది. ఉబ్బి, ఆ రైఫిల్ లోపల ఎంత జాగ ఉన్నదో సరిగ్గ అంత అయితది. దాన్ని మళ్ల సాంచల పెట్టి నొక్కాలె. ఒక సాంచ ఒళ్లంత నొక్కుతది, దుకాణంల కొన్ననాడు ఎట్లుండెనో అట్ల చేస్తది. ఇంకోటి మెడ ఒక్కటే నొక్కుతది, గుండును పట్టుకునేటంత. మిగిలిన ఒళ్లు ముట్టది.

ముసలాయన ఒళ్లంత నొక్కేదే కావాలన్నడు. 'ఏ రైఫిల్లనన్న పడుతది. నా దాంట్ల వేసుకోవచ్చు, నీ తమ్ముని దాంట్ల వేసుకోవచ్చు.'

నాసిర్ నవ్విండు. 'బాబా, ఈ గొట్టం నా రైఫిల్ కొలత పట్టుకున్నది. దాన్ని చెరుపుడెందుకు? వేరేదాంట్ల పడకుంటె పడకపాయె. నా దాంట్ల సక్కగ కూసుంటది, సక్కగ పోతది.'

'మందీ, నువ్వేమంటవ్?' అని నన్నడిగిండ్రు. నేను మోటర్లోణ్ణి, నాకెందుకమ్మా ఆ పంచాది! రెండూ తెప్పియ్యుండ్రి అన్న. రెండూ తెప్పిచ్చిండ్రు. మెడ డై ప్రెస్సుకెక్కింది. ఒళ్లు డై నూనె కాయితంల చుట్టి ఉన్నది ఉన్నట్టే అల్మరల పడ్డది.

మోటరు గది పక్క గదిల బల్ల వేసి ప్రెస్సు బిగిచ్చింది నేనే. కొన్ని శుక్రారాలు కొట్టిండ్రు. ఒకనాడు నాసిర్ అట్టముక్క పట్టుకొని ఉరికొచ్చిండు. 'చూడు మందీ, చూడు, ఒక్కటే తొర్ర!' చూసిన. తొర్రే. అన్ని తూటాలు అండ్లకెళ్లే పోయినయట. మీసాలు వచ్చిన మనిషి, బడిపిల్లగాని తీరు ఎగిరిండు.

ఇగ ఆగస్టుల ఇరాక్ ఫౌజు కువైట్ల దిగింది.

నాకొక తమ్ముడుండె సిస్టరమ్మా. రాము. వాడు కువైట్ల రంగులేసే పని. నా కాడికే రారా అంటె, 'నీ ఎనుక తిరిగింది సాలు అన్నా' అని అటు పోయిండు. కొత్తగ పెండ్లయింది. మరదలు పేరు ఉమాదేవి.

ఫోన్లు బందైనయి. రేడియోల హిందీ వార్తలు విందును. మనోళ్లు బస్సులల్ల జోర్డాన్ దిక్కు పోతున్నరట, ఆడికెళ్లి విమానాలల్ల బొంబాయి చేరుతున్నరట. మా దిక్కోళ్లు ఒక్కొక్కలే ఇండ్లు చేరిండ్రు. రాము చేరలే.

నాసిర్‌ను ఉత్తరానికి పంపిండ్రు, కువైట్ బార్డర్ల ఖఫ్జీ కాడికి. పోయేటప్పుడు తన రైఫిల్ తండ్రి చేతుల పెట్టి, 'నేనొచ్చేసరికి తూటాలు చేసి ఉంచు బాబా' అన్నడు.

ఇగ ఆ దినం సంది, పొద్దు వాలెటప్పటి అసర్ నమాజు కాంగనే ముసలాయన ఆ గదిలకు వచ్చుడు, నన్ను పిలుచుడు. ఆయన మందు తూకమేసుడు, నేను ప్రెస్సు గుంజుడు. మాటలు తక్కువ. రాంగనే ఒక్క మాట అడిగేటోడు. 'అఖూక్, ఫీ ఖబర్?' నీ తమ్మునిది ఏమన్న కబురున్నదా అని. 'మా ఫీ' అందును, లేదని. 'నాసిర్?' అని నేనడుగుదును. 'అల్‌హమ్దులిల్లా, బాగున్నడు.' ఇగ పని.

యుద్ధం మొదలైంది. రియాద్ మీద రాకెట్లు పడుతున్నయని ఈడ గూడ కిటికీలకు టేపులు అంటించిండ్రు. తోటల కొందరు ఇంటికి పోతమని లొల్లి జేసిండ్రు. పాస్‌పోర్టులు కఫీల్ కాడ ఉంటయాయె, యాడికి పోతరు? నాకు భయం గాలే. ధైర్యమని గాదు. ఏమీ అనిపియ్యలే, గంతే. మోటర్లు వేసిన, బందు చేసిన, ప్రెస్సు గుంజిన.

నాసిర్ ఫిబ్రవరిల పోయిండు.

కాదమ్మా, యుద్ధంల గాదు. తూటా తగల్లే, బాంబు పడలే. ఇసుక గాలిల వాళ్ల లారీ బోల్తా కొట్టింది. అంతే. అట్ల గూడ పోతరు మనుషులు.

తెచ్చిండ్రు, ఆ దినమే బొంద పెట్టిండ్రు. ఈడ పేర్లు రాయరు, మీకు తెలుసు గదా. మట్టి కుప్ప, తలకాడ ఉత్త రాయి. మాజిద్ ఏడ్సిండు. ముసలాయన ఏడ్వలే. జనం వచ్చి కూసున్నన్ని దినాలు నేను గావా పోసిన.

జనం వచ్చుడు బందైన నాడు, అసర్ కాంగనే, ఆయన గది తలుపు తీసిండు. నేను మోటరు బందు చేసిన. లోపలికి పోయిన. కుర్చీల కూసున్నడు. తక్కెడ తుడిసిండు. 'అఖూక్, ఫీ ఖబర్?' అన్నడు.

'మా ఫీ' అన్న.

తిరిగి నేనేం అడగాలె? చెప్పుండ్రి. రోజు అడిగే మాట నాలుక మీదికి వచ్చి ఆగింది. ఆయన ఒక గొట్టం నా చేతుల పెట్టి 'గుంజు' అన్నడు. గుంజిన.

ఎవలి కోసమని అడగలే. అడిగేదేమున్నది? ఆ గొట్టాలు ఒక్క రైఫిల్లనే పడుతయి. ఆ రైఫిల్ గోడకున్నది. మేం చేసుకుంటనే పోయినం.

ఎండలు తగ్గినంక ఒక పొద్దుగాల బండి తీసి 'ఎక్కు' అన్నడు. యాడికని అడగలే. దమ్మాం దాటినం, ఇంకా మీదికి పోయినం. పట్టపగలు మొగులు నల్లగైంది సిస్టరమ్మా! మొగులంటె ఆకాశం. కువైట్ల నూనె బావులు ఇంకా తగలబడుతనే ఉండె. లైట్లు వేసుకొని పోయినం. బట్టలకు మసి. ఒక కాడ బండి ఆపి దిగిండు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు తిరిగిండు. 'లారీ పడ్డది ఈడనే అన్నరు' అన్నడు. ఇంకో జాగకు పోయి, 'ఈడనో' అన్నడు. ఏముంటదమ్మా ఆడ? రోడ్డు, ఇసుక.

ఆడికే వచ్చినమనుకున్న. కాదు. ఖఫ్జీ ఊర్లెకు పోయిండు. ఆడ కువైట్ టాంకర్లు నీళ్లకు లైను కట్టి ఉండె. అంత పెద్ద మనిషి, తెల్లటి తోబ్ మసి పట్టింది, ఒక్కొక్క టాంకరు కాడికి పోయి డ్రైవర్‌ను అడుగుతున్నడు. 'హిందీ, రాము పేరు, రంగులేసేటోడు, తెలుసా?' హిందీ అంటె ఇండియాయన అని. నేను ఎనుకెనుక. సిగ్గయింది నాకు. ఇట్ల దొరుకుతరా మనుషులు?

దొరికిండు. రాము గాదు, బాషా. రాయచోటాయన. గొడవల ఇంటికి పోయి, యుద్ధమైనంక మళ్ల కువైట్‌కు వచ్చిండు.

'పెదవి కాడ గాటు ఉండె, ఆ రామేనా అన్నా?' అన్నడు.

ఉన్నది అనలే, ఉండె అన్నడు గదా. అప్పుడే సమజైంది నాకు.

'జోర్డాన్ బార్డర్ కాడ డేరాల్లో ఉన్న్యాం అన్నా. తాగను నీళ్లు సాల్లేదు. వాంతులు, బేదులు. రాము నా తొడ మీద తల పెట్టుకోనే పండుకోని ఉన్న్యాడు. అట్లనే పోయినాడు. కనపడినోళ్లం కలిసి ఇసుకలో పూడ్చినాం. ఆ మర్నాడే నా పేరు పిలిచినారు ఇమానానికి. మీ ఊరేదో నాకు తెలీదు. కరీంనగరం పక్క అని మాత్తరం అంటాండె. ఎవరికని చెప్పేది?'

యాడ పూడ్చిండ్రని అడిగిన. 'యాడని చెప్పేదన్నా, అంతా ఒకటే మాదిరి ఉంటాది' అన్నడు. ఏడ్సిండు బాషా. లైన్ల ఎనుక బండోడు హారన్ కొడుతుండె. కండ్లు తుడుసుకొని టాంకరు ముందుకు జరిపిండు.

ముసలాయన నా మొకం చూసి 'ఏమన్నడు?' అన్నడు. 'మాత్' అన్న. పోయిండని. ఆయన తల మీది గుడ్డ సవరిచ్చుకున్నడు.

వచ్చేటప్పుడు రోడ్డు పక్కన బండి ఆపి నమాజు చేసిండు. అయినంక లేవలే. నన్ను పిలిచి, 'పేరు మళ్ల చెప్పు' అన్నడు. చెప్పిన. 'రామూ' అని సాగదీసి అన్నడు. చేతులు లేపి లోపల్నే ఏందో చదివిండు. మావోడు హిందువు. ఆ దువా వానికి అందుతదో అందదో నాకేం తెలుసు. కాని వాని పేరు తీసుకొని ఒకలు చేతులు లేపింది ఆ ఒక్కసారే.

ఊరికి ఫోను జేసి చెప్పిన. దాస్తె ఏమొస్తది? ఉమాదేవి ఏమన్నదో తెలుసా? 'నువ్వు చూసినవా బావా?' అన్నది. లేదన్న. 'ఎవలో బాషా చెప్తె నేను బొట్టు తీసెయ్యాల్నా?' అన్నది. తియ్యకు అన్న. కాయితం లేదు, పీనుగ లేదు. ఇప్పటికీ పెట్టుకుంటది. వాళ్ల అన్నలు ఇంకో పెండ్లి చేస్తమంటె కత్తిపీట లేపిందట.

మర్నాడు అసర్ కాంగనే మళ్ల గదిలకు పోయినం. 'అఖూక్, ఫీ ఖబర్?' అన్నడు. నాతోనే వచ్చి, చెవులార విన్న మనిషి! నేను 'మా ఫీ' అన్న. ఇద్దరికి తెలుసు. అయినా ఆయన అడిగిండు, నేను చెప్పిన. ఇగ రోజు అట్లనే.

ఈ చలికాలం మాజిద్ వేటకని వచ్చి ఒక తూటాల డబ్బ తీస్కపోయిండు. సాయంత్రానికి మొకం మాడ్చుకొని వచ్చిండు. తూటా వాని రైఫిల్ల సగం దాక పోయి ఇరుక్కున్నదట. దోస్తుల ముంగట ఇజ్జత్ పోయిందట. తండ్రి ముంగట కూసొని మెల్లగనే చెప్పిండు. కోపం జెయ్యలే. 'బాబా, గది నిండ తూటాలు. కాల్చేటోడు లేడు. ఇంకో డై ఉన్నది గదా, అన్నీ ఒక్కసారి దాంట్ల నొక్కిస్తె అందరం వాడుకుంటం. లేకుంటె పారేద్దాం.' నా దిక్కు తిరిగి, 'మందీ, ఈ పని కానియ్యి, నువ్వు దేశం పోయే ఎగ్జిట్ కాయితం మీద సంతకం పెట్టిస్త' అన్నడు. నేను ఇంటికి పోతనని మొత్తుకోబట్టి మస్తు కాలమైంది మరి.

ముసలాయన వద్దంటడనుకున్న. తిడుతడనుకున్న. లేసి తలుపు వేసుకుంటడనుకున్న.

మర్నాడు తనే అల్మర తీసి నూనె కాయితం ఇప్పిండు. మెడ డై ఊడదీసి ఒళ్లు డై బిగిచ్చిండు. నేను పిడి మీద చెయ్యి వేస్తె, 'జరుగు' అన్నడు. ఇగ నేను గుండ్లు పీకుడు, మందు వంపుడు, గొట్టాలకు మైనం రుద్దుడు. గుంజుడు ఆయనే. ఒళ్లంత నొక్కుడంటె బలం కావాలె సిస్టరమ్మా. మెడ డై లెక్క గాదు. చెమటలు కారేటివి. నేను గుంజుత ఇయ్యుండ్రి అంటె వినలే. ఒక్కొక్క గొట్టం, కిందికి గుంజుడు, అడుగున జర ఆపుడు, మీదికి ఇడుసుడు. బయటికి వచ్చినదాన్ని బట్టతోని తుడిసి వరుసల నిలబెట్టుడు. కొత్తవి లెక్క మెరుస్తున్నయి.

ఒక్కటి దాసుకుంటడేమో అని కనిపెట్టి చూసిన. దాసుకోలే. సంచి అడుగు దాక అన్నీ నొక్కిండు. మళ్ల మందు పోసి, గుండ్లు పెట్టి, డబ్బలకెత్తినం.

మర్నాడు పొద్దుగాల నమాజుకు లేవలే. పోయి చూస్తె మూతి పక్కకు పోయింది. నేనే బండిల వేసుకొని ఈడికి తెచ్చిన.

పోతనా? పోత. బేస్తారం, మీ గురువారం నాడు విమానం. మాజిద్ మాట నిలబెట్టుకున్నడు, సంతకం పెట్టిచ్చిండు. ఈయన కాడ కూసోను వేరే మనిషిని మాట్లాడిండు, బంగ్లా ఆయన, నెమ్మదస్తుడే. నేనుండి మాత్రం ఏం జేస్త? ఇంటికి పోతె ఉమాదేవి ముంగట నిలబడాలె. నిలబడుత.

మొన్న శుక్రారం మాజిద్ దోస్తులను వేసుకొని వేటకు పోయిండట. ఆ తూటాలే పట్టుకపోయిండు. నిన్న వచ్చినప్పుడు, ఊకోక, నేనే అడిగిన. ఎట్లున్నయి అని.

'ఫస్ట్ క్లాస్ మందీ. అందరి రైఫిల్లల్ల పడ్డయి' అన్నడు.

ఏమన్న కొట్టిండ్రా అన్న.

'కుందేలు' అన్నడు.

కుందేలట సిస్టరమ్మా. ఒక్కటి. ఇంకోటి తప్పిపోయిందని నవ్విండు. నేను గూడ నవ్విన.

ముసలాయనకు చెప్పలే. చెప్తె మాత్రం ఏమైతది, చెప్పకుంటె ఏమైతది.